ఇంట్లో వేసుకునే చెప్పులు

లంబాలైన్

స్పెయిన్ వెళ్ళొచ్చానని తెలిస్తే జనం రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎద్దుల పోట్లాట చూశావా? చూడలేదు. అక్కడ అన్నం దొరుకుతుందా? దొరుకుతుంది, అందులో ఆల్చిప్పలు కూడా ఉంటాయి. ఈ రెండూ ముందే చెప్పేశాను కాబట్టి ఇక మిగతాది రాసుకోవచ్చు.

పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయాన్ని ఆనుకుని లంబాలైన్ అనే పేట ఉంది. అక్కడివాళ్ళకి ఒక అలవాటు. విమానం నెత్తిమీదుగా వెళ్తుంటే మాట ఆపుతారు, వెళ్ళిపోయాక అదే వాక్యాన్ని మధ్యలోంచి అందుకుంటారు. అక్టోబరు నడిమిలో ఒక ఉదయం మా స్కూలు పిల్లలు ఆరుగురూ, హిందీ చెప్పే శాంతి మేడమ్, నేనూ ఆ విమానంలో ఉన్నాం. కింద లంబాలైన్‌లో అందరూ మా కోసం మాట ఆపే ఉంటారు. మా ప్రయాణానికి జరిగిన వీడ్కోలు సభ అదే.

సునామీ వచ్చిన రెండో ఏడది. స్పెయిన్ ఉత్తర తీరంలో ఒక చేపల రేవు ఉంది. ఆ ఊరి బడిపిల్లలు కేకులు అమ్మి, కార్లు కడిగి డబ్బు పోగుచేశారు. సముద్రం దెబ్బ తిన్న పిల్లల్ని కొందరిని పిలిచి, మూడు వారాలు ఇళ్ళలో పెట్టుకుని, తమ భాష, తమ పద్ధతులు నేర్పుదామనుకున్నారు. ఎవరి ద్వారానో మా స్కూలు పేరు వాళ్ళకి చేరింది. మా హెడ్‌మాస్టరు స్టాఫ్‌రూములోకి వచ్చి, "స్పానిష్ వచ్చినవాళ్ళు ఎవరు?" అన్నారు. నేను విశాఖపట్నంలో ఎం.ఏ. చదివేటప్పుడు సాయంత్రం కోర్సులో ఫ్రెంచి సీట్లు నిండిపోయి స్పానిష్‌లో పడ్డవాణ్ణి. ఆ సంగతి ఎప్పుడో టీ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. నాకు స్పానిష్ వచ్చునన్న విషయంలో స్కూల్లో ఎవరికీ అనుమానం లేదు, నాకు తప్ప.

ఆ ఆరుగురిలో సత్యవతి ఒకతి. పద్నాలుగేళ్ళు. మేమంతా సత్య అనేవాళ్ళం. వాళ్ళది అండమాన్ నికోబార్ దీవులకి దక్షిణాన చిట్టచివరి ఊరు, క్యాంప్‌బెల్ బే. తండ్రి సింహాచలం గారికి అక్కడ ఒడ్డు దగ్గర కిరాణా కొట్టు ఉండేది. సునామీలో కొట్టు, ఇల్లు, సత్య తల్లి పైడితల్లి ముగ్గురూ పోయారు. మూడూ అని రాయాలేమో. సింహాచలం గారు మాత్రం ముగ్గురు అనే లెక్కవేస్తారు. తల్లి శరీరం దొరకలేదు. తండ్రీ కూతుళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌కి వచ్చి, హార్బరు అవతల బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ దిగేచోట చిన్న కొట్టు పెట్టుకున్నారు.

బాంబూఫ్లాట్, బయల్దేరే ముందు

చిన్నపిల్లలకి పాస్‌పోర్టు కావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేయాలి. తల్లి లేకపోతే లేదన్న సర్టిఫికెట్ జతపరచాలి. సునామీలో తప్పిపోయినవాళ్ళకి సర్కారు ఆ సర్టిఫికెట్లు తొందరగానే ఇచ్చింది. సింహాచలం గారు రెండేళ్ళుగా ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు. దాని బదులు నికోబార్ నుంచి షిప్ వచ్చిన ప్రతిసారీ కొట్టు మూసి, ఫెర్రీ ఎక్కి, హాడో జెట్టీకి వెళ్ళి గేటు దగ్గర నిలబడేవారు. ఆఖరి మనిషి దిగేదాకా ఉండి, ఫెర్రీ ఎక్కి తిరిగొచ్చి కొట్టు తీసేవారు.

ఫారం పట్టుకుని వెళ్ళింది నేనే. ఆయన దాన్ని తరాజు పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"మాస్టారూ, ఆవిడి సంతకం కావాలంటే ఆవిడొచ్చి ఎడతాది. అప్పుడిద్దాం."

"ఆఖరు తేదీ ఉందండీ."

"ఆకర్తేదీ ఆల్లకి. ఆవిడికి కాదు కదేటి."

"సత్యకి మంచి అవకాశం సింహాచలం గారూ."

"అదీ నిజమే." ఆయన గొంతు తగ్గించారు. "నాను ఈ కాయితం తెచ్చీసి, రేపు ఆవిడ సిప్పు దిగొచ్చీసిందనుకోండి. ఏటని సెప్పాల? పిల్ల పాస్‌పోర్టు కోసం నిన్ను సంపీసినానే అని సెప్పాలా?"

నాకు ఇలాంటిచోట నోరు ఊరుకోదు. "అలా వస్తే ఆవిడకీ ఒక పాస్‌పోర్టు తీద్దాం, ముగ్గురూ వెళ్ళొద్దురు గాని," అన్నాను. ఆయన నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. కొట్టు లోపల సత్య కందిపప్పు పొట్లాలు కడుతోంది. ఆ దారం తెగిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

నాలుగో రోజున ఆయనే బతు బస్తీలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం నా చేతికిచ్చారు. అది ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. ఆయనకి రెండూ చదవడం రాదు.

"ఏటి రాసుంది మాస్టారూ?"

"ఆవిడ పేరు రాసుంది."

"అంతేనా?"

"అంతే," అన్నాను.

ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ విమానం ఎక్కేదాకా సత్య నాతో క్లాసులో తప్ప మాట్లాడలేదు. భయం కాబోలు, మొదటిసారి విమానం కదా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మాడ్రిడ్

మాడ్రిడ్‌లో మేం చూసింది ఒక రైల్వే స్టేషను. ఆ స్టేషను లోపల, అద్దాల కప్పు కింద, వేడి పెట్టి మరీ ఒక అడవిని పెంచుతున్నారు. తాటి జాతి చెట్లు, అరటి లాంటివి, చిత్తడి నేల. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. మా పిల్లల్లో ఒకడు నా చొక్కా లాగి, "సర్, ఇది మా ఇంటెనకాల ఉంటది. ఫ్రీ మే," అన్నాడు. ఆరు వేల మైళ్ళు వెళ్ళి మేం చూసిన మొదటి వింత అది.

కాఫీ ఒక యూరో. ఆ డబ్బుతో బతు బస్తీలో పదిహేను టీలు తాగి, మిగిలిన చిల్లర కోసం కొట్టువాడితో గొడవపడొచ్చు.

రేవు

ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు నన్ను ఇంకా మర్యాదస్తుడనే అనుకుంటున్నారు.

రైలు దిగగానే మా అందరికీ ఒకటే వాసన కొట్టింది, జంగ్లీఘాట్ చేపల రేవు వాసన. ఇంటికొచ్చినట్టయింది. కానీ వాన మాత్రం మనది కాదు. మన దీవుల్లో వాన పనున్నట్టు వచ్చి దంచేసి పోతుంది. అక్కడి వాన పని లేనివాడిలా పొద్దస్తమానం అక్కడే తచ్చాడుతుంది. మా దగ్గర సాయంత్రం ఐదుకే చీకటి. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటినా తెల్లారదు. పిల్లలు చీకట్లో బడికి వెళ్ళడం చూసి శాంతి మేడమ్, "ఏం పాపం చేశారో బిచారే," అంది. మధ్యాహ్నం మాత్రం ఊరంతా దుకాణాలు మూసి పడుకుంటారు. మా ఊళ్ళో అబర్డీన్ బజారూ మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి అది మాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.

సత్యకీ మేడమ్‌కీ కార్మెన్ అనే ఆమె ఇంట్లో మకాం. డెబ్బై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, నల్ల గౌను, గట్టి గొంతు. మిగతా పిల్లలు ఆ వీధిలోనే రెండిళ్ళలో. నాకు ఎదురుగా ఒక బార్ మీది గది ఇచ్చారు. మా నాన్న పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు చర్చి పెద్ద. ఇంటికి రాసిన ఉత్తరంలో "కింద భోజనశాల ఉంది" అని రాశాను.

మొదటి రోజే కార్మెన్ మా ఎనిమిదిమందినీ భోజనానికి పిలిచింది. మేం పెంపకం ఉన్నవాళ్ళం. ఎనిమిది జతల బూట్లూ చెప్పులూ వీధి గుమ్మం బయట వరసగా విడిచి, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాం. ఉడికించిన ఆక్టోపస్, బంగాళాదుంపల అట్టు, రొట్టె తిన్నాం. పిల్లలకి ఆక్టోపస్ కొత్త కాదు, దాని మీద కారం లేకపోవడమే కొత్త. కాఫీలయ్యి బయటికొస్తే గుమ్మం దగ్గర ఒక్క చెప్పు లేదు. ఎవరో పారేశారనుకుని వీధులు ఊడ్చే బండి ఎత్తుకుపోయింది.

"బూట్లు రోడ్డుమీద ఎందుకు పెట్టారు?" అంది కార్మెన్.

"గౌరవం," అన్నాను నాకొచ్చిన స్పానిష్‌లో.

"ఎవరికి, ఊడ్చేవాడికా?"

సాయంత్రానికి ఐదు దొరికాయి. ఐదు జతలు కాదు, ఐదు.

పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. సత్య ఒక్కతే తడి రాళ్ళమీద వట్టి పాదాలతో కదలకుండా నిలబడింది. కార్మెన్ తల మీద శాలువా లాక్కుని, "మీరు ఉండండి, నేను వెళ్ళి చెప్పులు తెస్తాను," అని చేతులతో సైగలు చేస్తూ వానలోకి రెండడుగులు వేసింది. సత్య ఒక్క ఉరుకున వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు," అంది తెలుగులో. "నక్కో. వద్దాంటీ."

కార్మెన్ నవ్వి విడిపించుకోబోయింది. సత్య వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుంది. మొహమాటం అనుకున్నాం. "పిల్లకి సిగ్గు," అని కార్మెన్‌కి చెప్పాను. చివరికి బార్ యజమాని వెళ్ళి అందరికీ ఇంట్లో వేసుకునే చెప్పులు తెచ్చాడు. అక్కడ బయటి బూట్లు బయట విడవరు, ఇంట్లోకి వేరే చెప్పులుంటాయి. గళ్ళ గుడ్డ, లోపల ఉన్ని. మెత్తగా కుక్కపిల్లలో కాలు పెట్టినట్టుంటుంది. మన దగ్గర చెప్పుతో లోపలికి వస్తే తిడతారు. కార్మెన్ చెప్పు లేకుండా లోపల తిరిగితే తిడుతుంది.

ఆ రోజే మరొకటి జరిగింది. చెప్పులొచ్చాక కార్మెన్ సత్య తల నిమిరి, "ఇంత చిన్నపిల్లని ఇంత దూరం పంపి వీళ్ళమ్మ ఎంత బెంగపడుతోందో," అంది. సత్య నా వైపు చూసింది. నిజం చెప్పడానికి నాకు నాలుగు మాటలు చాలు, నాలుగూ వచ్చు. భోజనం బాగా జరిగింది, బూట్లు పోయినా అందరూ నవ్వుతున్నారు, దాన్ని చెడగొట్టడం ఎందుకనిపించింది.

"అవును, చాలా బెంగపడుతోంది," అన్నాను.

బయల్దేరే ముందు క్లాసులో నేను నేర్పిన స్పానిష్‌తో సత్యకి అంతమాత్రం అర్థమవుతుంది.

క్లాసు

పాఠాలు ఉదయం బడిలో. టీచరు ఒక కుర్రది, చప్పట్లు కొడుతూ నేర్పేది. రెండో వారంలో "మా కుటుంబం" అనే పాఠం వచ్చింది. మీ వాళ్ళ ఫొటోలు తెచ్చి, ఎవరు ఎవరో చెప్పమంది. మా పిల్లలు బయల్దేరేటప్పుడే ఫొటోలు తెచ్చుకున్నారు. సత్య దగ్గర ఒక్కటే ఉంది, తన పాస్‌పోర్టులోది. తల్లి ఫొటో ఈ భూమ్మీద ఎక్కడా లేదు. పెళ్ళినాటిది, రేషన్ కార్డు మీదిది, అన్నీ ఇంటితోపాటే పోయాయి.

సత్య తన పాస్‌పోర్టు తెరిచి బల్లమీద పెట్టి, "ఇది నేను," అని చెప్పి కూర్చుంది. టీచరు చప్పట్లు కొట్టింది. ఉచ్చారణ చాలా బాగుందట.

క్లాసయ్యాక నేను వెనకే వెళ్ళాను. "బొమ్మ గీయొచ్చుగా, అమ్మది?"

"గుర్తు లేదు సర్. మొహం పక్కా గుర్తు లేదు. పాదాలు గుర్తున్నాయి."

"పాదాలా?"

"ముందు నడిచేది కదా సర్ ఎప్పుడూ. నేను వెనక." అని వెళ్ళిపోయింది.

సంత

శనివారం సంతకి కార్మెన్ మమ్మల్ని తీసుకెళ్ళింది. ఒకచోట మెత్తటి కాగితంలో చుట్టి, పళ్ళ మధ్యన రాజాలా కూర్చోబెట్టిన కొబ్బరికాయ ఒకటి కనిపించింది. రెండు యూరోలు. పిల్లలు దాని చుట్టూ చేరి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఒక్క చెట్టుంటే చాలు, యహా రాజా," అన్నాడొకడు. సత్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నీళ్ళున్నాయని చూసి, జాగ్రత్తగా కాగితంలో పెట్టేసింది. సునామీ తరువాత తండ్రీ కూతుళ్ళు కొండమీద మూడు రోజులు కొబ్బరినీళ్ళమీదే ఉన్నారని తరువాత తెలిసింది.

అదే రోజు శాంతి మేడమ్ పసుపుపచ్చ చామంతులు కొని జడలో పెట్టుకుంది. వీధి పొడుగునా జనం ఆగి చూశారు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెలమీద పెట్టుకున్నాడు. మేడమ్ సంతోషించింది. ఆ దేశంలో ఆ పువ్వు సమాధులకి తప్ప వాడరని కార్మెన్ చెప్పాక, మేడమ్ పువ్వులు తీసి సంచిలో పెట్టుకుని రెండు వీధులు ఎవరితోనూ మాట్లాడలేదు.

చెప్పుల దుకాణం ముందు కార్మెన్ ఆగింది. "ఈ పిల్ల అమ్మకి ఒక జత కొంటాను. కొలత ఎంతో అడుగు."

అడిగాను. అడక్కుండా ఉండటానికి మంచి సమయం అదే. సత్య నా మొహంలోకి చూసింది. నేనాడిన అబద్ధం ఇంకెంత దూరం పోతుందో చూస్తున్నట్టు చూసింది. తరువాత చెప్పు విడిచి తన పాదం ముందుకు చాపింది. "ఇంతే సర్. నాకు అమ్మ చెప్పులు సరిపోయేవి."

కార్మెన్ వంగి ఆ పాదాన్ని జానతో కొలుచుకుంది.

సమాధులు

నవంబరు ఒకటో తారీఖున ఆ దేశంలో అందరూ తమ చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్తారు. మా తెలుగు చర్చివాళ్ళం ఈస్టరు ముందు సమాధులకి సున్నం కొట్టి కొవ్వొత్తులు పెట్టినట్టే. తేడా ఏమిటంటే అక్కడ నేలలో పాతరు. గోడలు కట్టి, గోడలో అరలు తీసి, ఒకరిమీద ఒకరిని నాలుగు వరసల్లో పెట్టి రాతి పలకతో మూస్తారు. పోస్టాఫీసులో పెట్టెల్లా ఉంటాయి. పై వరసవాళ్ళని కడగడానికి చక్రాల నిచ్చెన. నిచ్చెన కోసం చిన్న క్యూ. క్యూలో ఊరి కబుర్లు.

కార్మెన్ బకెట్టు, సబ్బు, బ్రష్షు, చామంతులు పట్టుకుని మమ్మల్ని తీసుకెళ్ళింది. పిల్లలు మేడమ్‌తో చర్చివైపు పోయారు. సత్య, నేను మిగిలాం. కార్మెన్ భర్త మాన్యువేల్ అర కింది వరసలో ఉంది. ఆమె మోకాళ్ళమీద కూర్చుని పలక రుద్దుతూ, మాకు వీపు పెట్టే మాట్లాడింది.

"ఇందులో మాన్యువేల్ లేడు," అంది.

పడవ చేపలకి వెళ్ళింది, తిరిగి రాలేదు. తొమ్మిదిమంది. ఒక్కరూ దొరకలేదు. ఆమెకి అప్పటికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆరేళ్ళు భోజనానికి అతని పళ్ళెం కూడా పెట్టింది. పింఛను కావాలంటే చనిపోయాడని కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. పిల్లలకి బూట్లు లేవు. పెట్టింది. "ఇంటికొచ్చి పడుకున్నాను. సముద్రం ఏం చేసిందో ఎవరు చూశారు? చంపింది నేనే అనుకున్నాను, ఈ చేత్తో." సబ్బు నురగతో ఉన్న చెయ్యి ఎత్తి చూపించింది. "తరువాత ఈ అర కొన్నాను. ఖాళీగా మూయబుద్ధి కాలేదు. అతని ఆదివారం కోటు పెట్టాను. ఇప్పుడు నాకు కడగడానికి ఒక చోటు ఉంది."

నేను తెలుగులో చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట నున్నగా చేయలేదు. నా ఉద్యోగంలో అది మొదటిసారి.

సత్య చాలాసేపు ఆ పలకమీది అక్షరాలు చూసింది. తరువాత నాతో కాదు, పలకతో చెప్పినట్టు చెప్పింది.

"నేనే చెప్పులడిగాను సర్."

"ఏ చెప్పులు?"

"భూమి కదిలింది కదా. అందరం బైటికి భాగొచ్చాం. ఎవరో సముద్రం లోపలికి పోతోంది, కొండెక్కండి అన్నారు. దారంతా కంకర. కాళ్ళకి గుచ్చుకుంటన్నాయమ్మా అన్నాను. అమ్మ, మీరు నడవండి, చెప్పులు తెస్తాను ఉండండి అని వెనక్కెళ్ళింది. నాన్నకి తెలీదు నేనడిగినట్టు. ఇప్పుడు నా పాస్‌పోర్టుకే కాగితం కూడా తెచ్చాడు. రెండుసార్లూ నాకోసమే సర్," అంది.

కార్మెన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. సత్య, "ఆంటీకి చెప్పండి," అంది.

నాకు సరిగా రాని ఆ భాషలో ఆ సంగతికి కావలసిన మాటలన్నీ వచ్చు. అమ్మ, చెప్పులు, రాళ్ళు, వెనక్కి, సముద్రం. సగం ఆ వీధి గుమ్మం దగ్గరే నేర్చుకున్నాను. చెప్పాను. మొదటి రోజు నేను అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

ఓదార్పు మాట ఏదైనా అంటుందనుకున్నాను. కార్మెన్ పక్కకి జరిగి, చేతిలో బ్రష్షు సత్యకి ఇచ్చింది. సత్య మోకాళ్ళమీద కూర్చుని మాన్యువేల్ పేరులో ఒక్కొక్క అక్షరం రుద్దింది. ఆఖరి అక్షరం దగ్గర ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. మా వెనక నిచ్చెన క్యూలో ఇద్దరు ఆడవాళ్ళు ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ రోజున ఆ గోడ దగ్గర ఏడ్చే పిల్ల వింత కాదు.

తిరుగు ప్రయాణం రోజున కార్మెన్ స్టేషనుకి వచ్చి, ఒక పొట్లం సత్య సంచిలో కుక్కింది. ఏమిటో తెలుసు. "ఇప్పుడెందుకు?" అన్నాను.

"కొలత తీసుకున్నాను కదా," అంది.

బాంబూఫ్లాట్

మిగతా పిల్లల కోసం విమానాశ్రయానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. సత్య కోసం ఎవరూ రాలేదు. ఆ రోజు నికోబార్ షిప్ వచ్చే రోజు. నేనే ఫెర్రీలో బాంబూఫ్లాట్ తీసుకెళ్ళాను. మూసిన కొట్టు ముందు బల్లమీద కూర్చున్నాం. తరువాతి ఫెర్రీలో సింహాచలం గారు దిగారు. ఒక్కరే.

"వచ్చీసినావా అమ్మా. సిక్కిపోనావు. తిండెట్టలేదేటి ఆల్లు?"

సత్య సంచి తీసి పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "అమ్మకి, నాన్నా. అక్కడొక ఆంటీ ఇచ్చింది."

ఆయన విప్పారు. గళ్ళ గుడ్డ, లోపల ఉన్ని. వేలితో లోపల తడిమి చూశారు. "మనూర్లో ఇవెవులేసుకుంతారే, ఉడికిపోరా కాల్లు?" అన్నారు. తరువాత ఆయన చెయ్యి ఆగిపోయింది. "సెప్పులే ఎందుకిచ్చింది? ఎవులు సెప్పినారు?"

"నేనే చెప్పాను నాన్నా. ఆ రోజు చెప్పులు నేనే అడిగాను."

"నివ్వెక్కడడిగినావు? నానంపినాను. పిల్ల కాల్లు కోసుకుపోతన్నాయి, సెప్పులట్టుకురావే అని నానే కేకేసినాను."

"నేను ముందే అడిగాను. నువ్వు వినలేదు."

"నీకు నిద్దరమత్తు. నీకు తెల్దు."

"పక్కా తెలుసు!"

"నోర్ముయ్. నానంటన్నాను కదా, నాను!"

రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఒకరికొకరు దాచిన తప్పు కోసం తండ్రీ కూతుళ్ళు నడిరోడ్డుమీద అరుచుకున్నారు, నాదంటే నాదని. ఫెర్రీ దిగినవాళ్ళు ఆగి చూశారు. నాకు ఆ క్షణంలో హాస్యం ఏదీ తట్టలేదు. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు. ఎవరూ అడక్కపోయినా ఆవిడే కూతురి కాళ్ళు చూసి వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ మాట పైకి అన్నాను. ఇద్దరూ అరవడం ఆపి నా వైపు చూశారు.

సింహాచలం గారు బల్లమీద కూలబడి, ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆ కాయితంలో ఏటి రాసుందో సదవండి మాస్టారూ," అన్నారు. "పేరొక్కటే కాదు. అంతా."

సత్య లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. చదివాను.

డిసెంబరులో ఆయన మళ్ళీ బతు బస్తీ వచ్చారు. ఈసారి కూర్చున్నారు, నీళ్ళు తాగారు. "దినం పెడతన్నాను మాస్టారూ. ఇన్నాల్లూ ఎట్లేదు. మీరు కిరస్తానం, ఏటనుకోకపోతే బోజనానికి రండి," అన్నారు. సునామీ వచ్చిన తేదీనే పెట్టుకున్నారు. క్రిస్మస్ మర్నాడు. మా ఇంట్లో మిగిలిన కేకు ఒక ముక్క పట్టుకుని వెళ్ళాను. ఏం పట్టుకెళ్ళాలో తోచలేదు.

కొట్టు వెనక ఉన్న ఒక్క గదిలో ముప్ఫైమంది. పంతులు వచ్చి చేయవలసింది చేసి వెళ్ళాడు. ఫొటో పెట్టి దండ వేయవలసినచోట ఫొటో లేదు. గోడవారగా పీట వేసి, దానిమీద కొత్త చీర మడత, పసుపు కుంకుమ, గళ్ళ చెప్పుల జత పెట్టారు. చెప్పులు పీటమీద పెట్టకూడదని ఒక ముసలావిడ గొణిగింది. సింహాచలం గారు వినిపించుకోలేదు. ఆవిడకి ఇష్టమని ఎండురొయ్యలు, గోంగూర వండారు.

మేం తింటుండగా హార్బరు అవతల నికోబార్ షిప్ కూత వేసింది. పొడుగ్గా, రెండుసార్లు. సింహాచలం గారు గరిటె ఎత్తినచోటే ఆపారు. గదిలో అందరూ లంబాలైన్‌లోలా మాట ఆపేశారు. సత్య తండ్రిని చూస్తోంది. కూత అయిపోయింది. ఆయన నా ఆకులో ఇంకొంచెం గోంగూర వేసి, "తినండి మాస్టారూ, మీరేటీ తినట్లేదు," అన్నారు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెప్పులు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. అందరి చెప్పులూ బయట ఉన్నాయి. ఒక్క జత లోపల ఉంది.